పైథాన్ యాప్‌ని ఎక్కడ నడపాలి? ముందు డేటాబేస్‌కి చోటు చూడండి

పైథాన్‌లో వెబ్ యాప్‌లు కట్టే జాంగోలోనో ఫ్లాస్క్‌లోనో ఫాస్ట్‌ఏపీఐలోనో యాప్ రాసేశారు. ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. ఇక దాన్ని నలుగురూ వాడుకునేలా ఎక్కడో ఒక చోట పెట్టాలి. ఇక్కడికి వచ్చాక అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఫ్రీగా ఎవరిస్తున్నారు?" అని. రెండోది "ఏది ఈజీ?" అని. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఒకసారి చెయ్యి కాలాక ప్రశ్నల వరస మార్చుకున్నాను. ఇప్పుడు నన్నెవరైనా సలహా అడిగితే ముందు నేనడిగేది ఒక్కటే: డేటా ఎక్కడ ఉంటుంది?

కోడ్‌దేముంది, గిట్‌హబ్‌లో భద్రంగా ఉంటుంది. ఒక చోట నచ్చకపోతే సాయంత్రానికల్లా ఇంకో చోట పెట్టేయొచ్చు. డేటాబేస్ అలా కదలదు. అందులో గంటగంటకీ కొత్త లెక్కలు పడుతుంటాయి. యాప్ ఆపి, కాపీ తీసి, కొత్త చోట ఎక్కించి, ఒక్క వరస కూడా తప్పిపోలేదని చూసుకోవాలి. ఇల్లు మారేటప్పుడు బట్టలు సర్దడం వేరు, బీరువా దించడం వేరు.

మా మావయ్య గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేస్తాడు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, తూకం ఎంత, ఎవరు కొన్నారు, రైతుకి ఎంత ఇవ్వాలి, ఇదంతా పుస్తకాల్లో రాసేవాళ్లు. ఆయన కోసం జాంగోలో చిన్న యాప్ రాశాను. వాడేది ఆయన, ఇద్దరు గుమాస్తాలు, ఇంట్లో అత్తయ్య. డేటాబేస్ జాంగోతో పాటు వచ్చే ఎస్‌క్యూలైటే, ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఒకే ఒక్క ఫైల్. ఒక ఫ్రీ ప్లాట్‌ఫామ్ మీద పెట్టాను. మూడు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో రోజు రసీదులో ఒక అక్షరదోషం సరిదిద్ది మళ్లీ డిప్లాయ్ చేశాను, అంటే కొత్త కోడ్‌ని సర్వర్‌కి ఎక్కించాను. కాసేపటికి మావయ్య ఫోను: "ఏరా, మూడు రోజుల పద్దులు ఏవిరా? మొత్తం ఖాళీగా కనపడతంది."

తప్పు ఆ ప్లాట్‌ఫామ్‌ది కాదు. వాళ్ల డాక్యుమెంట్లలో స్పష్టంగానే రాసి ఉంది, నేను చదవలేదు. ఇలాంటి చోట్ల మన యాప్ ఒక కంటైనర్‌లో, అంటే విడిగా మూసిపెట్టిన చిన్న డబ్బా లాంటి దాంట్లో, నడుస్తుంది. డిప్లాయ్ చేసిన ప్రతిసారీ పాత కంటైనర్‌ని పారేసి కొత్తది నిలబెడతారు. నడుస్తుండగా అందులో రాసిన ఫైళ్లన్నీ దాంతో పాటే పోతాయి, ఎస్‌క్యూలైట్ ఫైలూ, యూజర్లు ఎక్కించిన ఫోటోలూ. గుమాస్తాల దగ్గర కాగితం రసీదులు ఉండబట్టి బతికిపోయాను. ఆదివారమంతా కూర్చుని మళ్లీ ఎక్కించాను.

డిస్క్ నిలిచే చోట్లు, నిలవని చోట్లు

పేర్లు ఎన్ని ఉన్నా ఈ ఒక్క ప్రశ్నతో చూస్తే రెండు గుంపులే తేలతాయి. పైథాన్ఎనీవేర్, డిజిటల్ఓషన్ డ్రాప్లెట్ లాంటి వీపీఎస్‌లు (నెల అద్దెకి తీసుకునే వర్చువల్ సర్వర్లు), అమెజాన్ లైట్‌సెయిల్, మామూలుగా డిస్క్ తగిలించుకున్న అమెజాన్ ఈసీ2 సర్వర్, వీటిలో రాసిన ఫైల్ రాసినచోటే ఉంటుంది. హెరోకూ, రెండర్, గూగుల్ యాప్ ఇంజిన్, క్లౌడ్ రన్, ఏడబ్ల్యూఎస్ లాంబ్డా, డిజిటల్ఓషన్‌ వాళ్లదే యాప్ ప్లాట్‌ఫామ్, వీటిలో ఉండదు. హెరోకూలో మనం డిప్లాయ్ చెయ్యకపోయినా రోజుకోసారి డైనో (యాప్ నడిచే వాళ్ల కంటైనర్) రీస్టార్ట్ అవుతుంది, డిస్క్ మీద రాసినవి తుడిచిపెట్టుకుపోతాయి. రెండర్‌లో డబ్బు కట్టే ప్లాన్ అయితే విడిగా ఒక డిస్క్ తగిలించుకోవచ్చు.

రెండో గుంపు చెడ్డదని కాదు. యాప్ ఒక చోట, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ ఇంకో చోట, ఫోటోలు ఎస్3 లాంటి స్టోరేజ్‌లో మూడో చోట ఉండాలని ముందే ఒప్పుకుని దిగాలి, అంతే. అలా దిగినవాళ్లకి యాప్‌ని ఒకటి నుంచి పది కాపీలకి పెంచడం ఒక్క బటన్ పని.

నేర్చుకుంటున్నవాళ్లకి, కాలేజీలో ప్రాజెక్ట్ చూపించాల్సినవాళ్లకి నా ఓటు పైథాన్ఎనీవేర్‌కే. 2022లో దీన్ని అనకొండ కంపెనీ కొనుక్కుంది. బ్రౌజర్‌లోనే కన్సోల్ తెరిచి, గిట్ క్లోన్ చేసి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టుకుని, డబ్ల్యూఎస్‌జీఐ ఫైల్‌లో (సర్వర్‌ని మన యాప్‌కి కలిపే ఫైల్) ప్రాజెక్ట్ ఎక్కడుందో రాసి, రీలోడ్ నొక్కితే సైట్ లేచి కూర్చుంటుంది. స్టాటిక్ ఫైళ్లకి వేరే తిప్పలు లేవు, వెబ్ ట్యాబ్‌లో ఫోల్డర్ చూపిస్తే చాలు. సర్వర్ అంటే ఏంటో చేత్తో తాకినట్టు తెలుస్తుంది, అదే సమయంలో సర్వర్ బాధ్యత నెత్తిన పడదు.

ఫ్రీ అకౌంట్‌కి హద్దులున్నాయి. సొంత డొమైన్ పెట్టుకోలేం. కొన్నాళ్లకోసారి లాగిన్ అయి గడువు పొడిగించే బటన్ నొక్కకపోతే సైట్ ఆగిపోతుంది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది, యాప్ నుంచి బయటికి వెళ్లే కాల్స్ వాళ్లు ఒప్పుకున్న సైట్ల జాబితాకే పరిమితం. ఎస్సెమ్మెస్ గేట్‌వేని పిలిచే కోడ్ ల్యాప్‌టాప్‌లో పనిచేసి అక్కడ 403 (అనుమతి లేదు) ఇస్తుంటే, కోడ్‌లో తప్పు వెతికే ముందు ఈ జాబితా చూడండి. వెబ్‌సాకెట్లు (ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్లు) కావాల్సిన చాట్ యాప్‌లకి మాత్రం ఇది సరైన చోటు కాదు.

నిద్రపోయే సర్వర్లు

పాత యూట్యూబ్ పాఠాలు చూసి "హెరోకూ ఫ్రీ" అని వెతికేవాళ్లు ఇంకా కనిపిస్తుంటారు. ఆ ఫ్రీ డైనోలు 2022 నవంబర్ 28తో అయిపోయాయి. ఇప్పుడు నెలకి 5 డాలర్ల ఎకో ప్లాన్‌తో మొదలు. అరగంట సేపు ఎవరూ రాకపోతే అది నిద్రపోతుంది. 7 డాలర్ల బేసిక్ నిద్రపోదు. రెండర్‌లో ఫ్రీ ఇంకా ఉంది గానీ 15 నిమిషాలకే కునుకు తీస్తుంది, లేవడానికి నిమిషం దాకా పడుతుంది. (ఈ రేట్లు అప్పుడప్పుడూ మారతాయి, కార్డు నంబర్ కొట్టే ముందు ఓసారి చూసుకోండి.)

ఎస్‌క్యూలైట్ దెబ్బ తిన్నాక మావయ్య యాప్‌కి పోస్ట్‌గ్రెస్ పెట్టి, మళ్లీ ఒక ఫ్రీ ప్లాన్ మీదే నడిపాను. డేటా పోలేదు, సంతోషం. కానీ పొద్దున్నే సరుకు దిగే వేళకి గుమాస్తా ఫోన్‌లో తెరిస్తే తెల్ల పేజీ. "తిరుగుతానే ఉంది" అని మావయ్య ఫోను. ఒక్క నిమిషం ఆగితే వస్తుందని చెప్పాను. "నిమిషం ఎవడాగుతాడ్రా, వెనకాల బండ్లు నిలబడి ఉన్నాయి" అన్నాడు. మధ్యాహ్నం వెళ్లి చూస్తే గుమాస్తా బల్ల మీద పాత పుస్తకం తెరిచి ఉంది, ఫోన్ దాని మీద బరువుకి పెట్టి ఉంది.

పది నిమిషాలకోసారి యాప్‌ని పలకరించే క్రాన్ (టైముకి తనంతట తానే నడిచే పని) ఒకటి పెట్టి నిద్రపోకుండా చూసుకునే చిట్కా అందరికీ తెలిసిందే. రెండర్ నెలకి 750 గంటలు ఫ్రీగా ఇస్తుంది. 31 రోజుల నెలకి 744 గంటలు కాబట్టి ఒక్క యాప్‌కి సరిపోతుంది, రెండోది కూడా మేల్కొని ఉండాలంటే చాలదు. చూపించుకునే పనికి ఈ చిట్కా ఫర్వాలేదు. డబ్బు లెక్కలకి వద్దంటాను, ఎందుకంటే అసలు చిక్కు నిద్ర కాదు. రెండర్ ఫ్రీ పోస్ట్‌గ్రెస్ 30 రోజులకి గడువు తీరిపోతుంది. యాప్ ఫ్రీగా ఎన్నాళ్లైనా ఉంటుంది, డేటాబేస్ నెలకే పోతుంది. ముందు ఏది చూడాలో ఇక్కడే తెలిసిపోతోంది.

ఫ్రీ పోస్ట్‌గ్రెస్ విడిగా కావాలంటే సూపాబేస్ ఉంది, ముంబై రీజియన్ (సర్వర్లు ఉండే ప్రాంతం) కూడా ఇస్తుంది. వారం రోజులు వాడకపోతే ఫ్రీ ప్రాజెక్టుని నిలిపేస్తారు, డాష్‌బోర్డులోకి వెళ్లి మళ్లీ లేపుకోవాలి. ఇంకో చిన్న మెలిక, దాని డైరెక్ట్ కనెక్షన్ ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రస్) మీద ఉంటుంది. మీ హోస్టింగ్ ఐపీవీ4 మాత్రమే మాట్లాడితే పూలర్ (కనెక్షన్లని మధ్యలో ఉండి పంచేది) అడ్రస్ వాడాలి. నేను దీని మీద ఒక రాత్రి పోగొట్టుకున్నాను.

దూరం లెక్క

యాప్ ఏ ఊళ్లో ఉంది, డేటాబేస్ ఏ ఊళ్లో ఉంది అన్నది చాలామంది పట్టించుకోరు. గుంటూరు నుంచి అమెరికా సర్వర్‌కి వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. పేజీకి ఒక్కసారే కాబట్టి అది భరించొచ్చు. అసలు కష్టం యాప్ ముంబైలో ఉండి డేటాబేస్ అమెరికాలో ఉంటే. జాంగోలో సెలెక్ట్ రిలేటెడ్ (సంబంధిత వివరాల్ని డేటాబేస్ నుంచి ఒకే క్వెరీతో తెప్పించేది) పెట్టడం మర్చిపోయిన ఒక లిస్ట్ పేజీ సునాయాసంగా 30 క్వెరీలు వేస్తుంది. ఒక్కోదానికి 200 మిల్లీసెకన్లంటే 30 క్వెరీలకి 6 సెకన్లు. అదే యాప్, అదే కోడ్, రెండూ ఒకే రీజియన్‌లో ఉంటే ఆ 6 సెకన్లు కంటికి కనపడవు. కాబట్టి రెండిటినీ ఒకే ఊళ్లో పెట్టండి, వీలైతే ఆ ఊరు మనకి దగ్గరది చూసుకోండి.

హెరోకూ మామూలు ప్లాన్లు అమెరికా, యూరప్‌లలోనే. రెండర్‌లో మనకి దగ్గరది సింగపూర్. డిజిటల్ఓషన్‌కి బెంగళూరులో 2016 నుంచి డేటాసెంటర్ ఉంది. గూగుల్ క్లౌడ్‌కి ముంబై, ఢిల్లీ ఉన్నాయి. అమెజాన్‌కి 2016 నుంచి ముంబై, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్. హైదరాబాద్ పేరు చూసి నేనూ మురిసిపోయి అదే ఎంచుకోబోయాను. అయితే ఆ రీజియన్‌ని అకౌంట్‌లో విడిగా ఆన్ చేసుకోవాలి, ముంబైలో దొరికే సర్వీసులన్నీ అక్కడ దొరకవు. మీక్కావాల్సినవి ఉన్నాయో లేదో చూసుకున్నాకే అటు వెళ్లండి.

గూగుల్ దారి, అమెజాన్ దారి

పైథాన్‌కి క్లౌడ్‌లో మొదట పీట వేసినవాళ్లలో గూగుల్ ఒకటి. 2008 ఏప్రిల్‌లో యాప్ ఇంజిన్ వచ్చినప్పుడు అందులో నడిచే భాష పైథాన్ ఒక్కటే. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రాసమ్ అప్పట్లో గూగుల్‌లోనే ఉండి దాని మీద పనిచేశాడు కూడా. ఆ రోజుల్లో డేటా పెట్టుకోవడానికి వాళ్ల సొంత డేటాబేస్ అయిన డేటాస్టోర్ తప్ప గతి లేదు. కోడ్ నిండా దాని లైబ్రరీలే. తర్వాత పైథాన్ 3 రన్‌టైమ్ వచ్చినప్పుడు ఆ పాత లైబ్రరీలు మొదట్లో అందులో లేవు. అలా రాసుకున్నవాళ్లకి పైథాన్ 2 నుంచి 3కి మారడం అంటే సగం యాప్ తిరగరాయడం అయింది. అందుకే ఏ క్లౌడ్‌కి వెళ్లినా డేటా మాత్రం మామూలు పోస్ట్‌గ్రెస్‌లోనో మైఎస్‌క్యూఎల్‌లోనో పెట్టుకోమంటాను. ఇంకొకటి, యాప్ ఇంజిన్‌లో రీజియన్ ఒకసారి ఎంచుకుంటే ఆ ప్రాజెక్టులో ఇక మార్చలేం. తొందరలో అమెరికా నొక్కేసి తర్వాత నాలిక్కరుచుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి యాప్ ఇంజిన్ కన్నా క్లౌడ్ రన్ మేలు. 2019లో వచ్చింది. కంటైనర్‌లో పట్టే ఏ యాప్‌నైనా నడుపుతుంది, డాకర్‌ఫైల్ (కంటైనర్ ఎలా కట్టాలో చెప్పే ఫైల్) రాయడం రాకపోయినా కోడ్ ఫోల్డర్ ఇస్తే తనే కంటైనర్ కట్టుకుంటుంది. ఎవరూ రానప్పుడు సున్నాకి దిగిపోతుంది, నెలకి 20 లక్షల రిక్వెస్టుల దాకా ఫ్రీ కోటా ఉంది. మళ్లీ లేవడానికి పట్టేది చిన్న ఫ్లాస్క్ యాప్‌కి కొద్ది సెకన్లే. బరువైన లైబ్రరీలు ఇంపోర్ట్ చేస్తే అంతకంతకీ పెరుగుతుంది.

కానీ ఇక్కడా డేటాబేసే అసలు ఖర్చు. క్లౌడ్ రన్ నిద్రపోతుంది, పక్కనున్న క్లౌడ్ ఎస్‌క్యూఎల్ (గూగుల్ వాళ్ల డేటాబేస్ సర్వీస్) నిద్రపోదు, రాత్రీ పగలూ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. పైగా జనం ఎక్కువై క్లౌడ్ రన్ ఇరవై ముప్పై కాపీలు లేపిందంటే, ఒక్కో కాపీ తన కనెక్షన్లు తను తెరుస్తుంది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఒప్పుకునేది 100 కనెక్షన్లే. యాప్ బాగానే ఉంటుంది, డేటాబేస్ తలుపు మూసేస్తుంది. మొదటి రోజే గరిష్ఠ ఇన్‌స్టాన్సులకి (కాపీలకి) ఒక అంకె పెట్టుకోండి. బ్యాక్‌గ్రౌండ్‌లో పని చేయించే అలవాటున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: మామూలు సెట్టింగ్‌లో రిక్వెస్ట్ లేనప్పుడు సీపీయూ దాదాపు ఆపేస్తారు, జవాబు పంపేశాక మెయిల్ పంపుదామని వదిలిన థ్రెడ్ మధ్యలో నిలిచిపోతుంది.

అమెజాన్ లాంబ్డా (పిలిచినప్పుడు మాత్రమే కోడ్ నడిపే సర్వీస్) మీద జాంగో నడపడం కుదురుతుంది, జప్పా లాంటి పనిముట్లు ఉన్నాయి. నా మటుకు నేను నడపను. వెబ్‌హుక్ (వేరే సర్వీస్ పంపే కబురు) ఒకటి అందుకోవడానికి, రాత్రి ఒక రిపోర్ట్ తయారుచెయ్యడానికి లాంబ్డా ముచ్చటగా ఉంటుంది. పూర్తి వెబ్ యాప్‌ని అందులో కుక్కితే జిప్ విప్పాక 250 ఎంబీ సైజు హద్దు, ఒక్కో పని నడవడానికి 15 నిమిషాల హద్దు, కనెక్షన్ల గొడవ, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎదురొస్తాయి. యాప్‌ని ఈసీ2 మీద తనే నిలబెట్టే ఎలాస్టిక్ బీన్‌స్టాక్‌కి విడిగా ఛార్జీ లేదు, కింద నడిచే ఈసీ2కి, లోడ్ బ్యాలెన్సర్‌కి, డేటాబేస్‌కి కట్టాలి. పైగా 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కీ గంటకి 0.005 డాలర్లు, అంటే నెలకి మూడున్నర డాలర్ల పైన. ఆఫీసులో ఇప్పటికే అమెజాన్ అకౌంట్, చూసుకునే మనిషి ఉంటే సరే. ఒంటరిగా యాప్ నడుపుకునేవాడికి అంత సరంజామా ఎందుకు?

సొంత వీపీఎస్

చివరికి మావయ్య యాప్ బెంగళూరులో నెలకి 6 డాలర్ల డ్రాప్లెట్ మీదికి వచ్చింది. 1 జీబీ ర్యామ్. ఉబుంటు, ముందు రిక్వెస్టులు అందుకునే ఎన్‌జింక్స్, వెనక పైథాన్ యాప్‌ని నడిపే గూనికార్న్, పక్కనే పోస్ట్‌గ్రెస్, అన్నీ ఒకే డబ్బాలో. నిద్రపోదు, డిస్క్ పోదు, యాప్‌కీ డేటాబేస్‌కీ మధ్య దూరమే లేదు. విడిగా మేనేజ్డ్ (వాళ్లే చూసుకునే) పోస్ట్‌గ్రెస్ తీసుకుంటే దానికే 15 డాలర్లు, నలుగురు వాడే యాప్‌కి అది ఎక్కువనిపించింది.

దీనికి కట్టే అసలు ధర వేరు. అప్‌డేట్లు మనమే వెయ్యాలి. పాస్‌వర్డ్ లాగిన్ ఆపి కీ లాగిన్ పెట్టాలి. హెచ్‌టీటీపీఎస్ కోసం పెట్టిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులకి ముగుస్తుంది, తిరిగి తెచ్చుకునే పని సర్ట్‌బాట్‌కి అప్పజెప్పి అది నిజంగా తెస్తోందో లేదో చూడాలి. గూనికార్న్‌కి కోర్లకి రెట్టింపు ప్లస్ ఒకటి చొప్పున వర్కర్లు (యాప్ కాపీలు) పెట్టమంటారు, అంటే ఒక్క కోర్‌కి మూడు. నేను రిపోర్టుల కోసం పాండాస్ లైబ్రరీని ఇంపోర్ట్ చేశాను. ముగ్గురు వర్కర్లూ తలో కాపీ లోడ్ చేసుకునేసరికి ర్యామ్ నిండి, లినక్స్ పోస్ట్‌గ్రెస్‌నే చంపేసింది. పాండాస్ తీసేసి ఆ కూడికలన్నీ ఎస్‌క్యూఎల్‌లోనే రాశాను, వర్కర్లని రెండుకి తగ్గించాను, కొంచెం స్వాప్ (ర్యామ్‌కి సాయంగా డిస్క్ మీద చోటు) పెట్టాను. మళ్లీ ఆ సమస్య రాలేదు.

బ్యాకప్ గురించి మాత్రం రాజీ లేదు. రోజూ రాత్రి రెండింటికి పీజీ డంప్ (డేటాబేస్ కాపీ) తీసి, ఆ ఫైల్‌ని వేరే కంపెనీ స్టోరేజ్‌కి పంపే క్రాన్ ఉంది. నెలకోసారి ఆ ఫైల్‌ని నా ల్యాప్‌టాప్‌లో ఎక్కించి ఆ రోజు టిక్కీల మొత్తం సరిపోయిందో లేదో చూస్తాను. ఒకసారి ఎక్కించబోతే ఫైల్ సైజు సున్నా. డిస్క్ నిండి డంప్ మొదట్లోనే ఆగిపోయింది, క్రాన్ మాత్రం మౌనంగా ఆ ఖాళీ ఫైల్‌ని వారం పాటు పంపుతూనే ఉంది.

కార్డు తంటాలు

డబ్బు విషయంలో మనకి ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. 2021 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ నియమాల ప్రకారం నెలనెలా తనంతట తాను కార్డు నుంచి డబ్బు లాగాలంటే ముందుగా మ్యాండేట్ (మన అనుమతి) ఉండాలి. విదేశీ హోస్టింగ్ కంపెనీలు కొన్ని ఆ ఏర్పాటు చేసుకోవు. పేమెంట్ ఫెయిల్ అవుతుంది, మెయిల్ స్పామ్‌లో పడుతుంది, కొన్నాళ్లకి సర్వీస్ ఆగుతుంది. ముందుగా డబ్బు వేసి ఉంచుకునే వీలున్న చోట వేసి ఉంచడం నయం. డాలర్ రేటు మీద కార్డు మార్కప్, 18 శాతం జీఎస్టీ కలిపితే 6 డాలర్లు 6 డాలర్లుగా ఉండవు. అమెజాన్, గూగుల్ మన దగ్గర రూపాయల్లోనే బిల్లు ఇస్తాయి, జీఎస్టీ నంబర్ ఉన్న వ్యాపారానికి అది సౌకర్యం. అయితే వాళ్ల బడ్జెట్ అలర్ట్ అనేది హెచ్చరిక మాత్రమే. పెట్టుకున్న మొత్తం దాటినా దానంతట అది ఏదీ ఆపదు. అలర్ట్ పెట్టాను కదా అని నిశ్చింతగా పడుకోకండి. ఫిక్స్‌డ్ రేటు డ్రాప్లెట్‌లో ఆ టెన్షన్ తక్కువ.

ఎవరికి ఏది అని నన్ను నిలదీస్తే ఇలా చెప్తాను. కాలేజీ ప్రాజెక్టుకి పైథాన్ఎనీవేర్, ఎస్‌క్యూలైట్‌తోనే. ఇంటర్వ్యూలో చూపించడానికి ఫాస్ట్‌ఏపీఐ అయితే రెండర్ ఫ్రీ, డేటాబేస్ సూపాబేస్‌లో, రెండూ సింగపూర్‌లో. ఇంటర్వ్యూకి ఐదు నిమిషాల ముందు మీరే ఓసారి తెరిచి లేపండి. రోజూ డబ్బు లెక్కలు పడే చిన్న వ్యాపారానికి, లినక్స్ అంటే భయం లేకపోతే బెంగళూరు వీపీఎస్. భయం ఉంటే అదే కంపెనీ యాప్ ప్లాట్‌ఫామ్, మేనేజ్డ్ పోస్ట్‌గ్రెస్‌తో, ఖర్చు మూడు రెట్లు దాటినా సరే. పరీక్షా ఫలితాల రోజులా జనం ఒక్కసారిగా విరుచుకుపడే యాప్‌కి క్లౌడ్ రన్. ఎక్కడైనా సరే, జాంగో సెట్టింగుల్లో డీబగ్ ఆపడం, అలౌడ్ హోస్ట్స్‌లో డొమైన్ రాయడం, సీక్రెట్ కీని కోడ్‌లోంచి తీసెయ్యడం మామూలే. కంటైనర్ ప్లాట్‌ఫామ్ అయితే 127.0.0.1 మీద (లోపలివాళ్లకే అందేది) కాకుండా 0.0.0.0 మీద (బయటివాళ్లకీ అందేది), వాళ్లిచ్చిన పోర్ట్‌లో వినాలి. డిప్లాయ్ అయిందంటుంది గానీ సైట్ రాదు అనేవాళ్లలో చాలామందికి తేడా కొట్టేది ఇక్కడే.

మొన్న వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు మావయ్య అడిగాడు, "నెలంతా ఎవరం వాడలేదు కదరా, ఈ నెల సర్వర్‌కి డబ్బులెందుకు?" అని. అమ్ముడుపోని సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉన్నన్నాళ్లూ అద్దె కడుతున్నావు కదా మావయ్యా, ఇదీ అంతే అన్నాను. "అదైతే రేటు పెరుగుద్ది, ఇదేం పెరుగుద్ది?" అంటూనే ఫోన్ తీసి పాత సీజన్‌లో ఒక రైతు బాకీ ఎంతో వెతకడం మొదలుపెట్టాడు.